అరోవానాకు బతికున్న చేపలు మాన్పించి పెల్లెట్లు అలవాటు చేయడం ఎలా?

కృష్ణాతీరం
నా దగ్గర 14 నెలలుగా ఒక సిల్వర్ అరోవానా పెరుగుతోంది. తెచ్చినప్పుడు నాలుగు అంగుళాలున్న చేప ఇప్పుడు 15 అంగుళాలు దాటింది. మొదటి రోజు నుంచి దుకాణంలో దొరికే చిన్న గోల్డ్‌ఫిష్‌లు, గప్పీలే దాని మేత. అప్పుడప్పుడు ఇంట్లో పట్టిన బొద్దింకలు కూడా వేస్తుంటాను. పోయిన నెల తెచ్చిన గోల్డ్‌ఫిష్‌ల వెంట తెల్లమచ్చల తెగులు తొట్టిలోకి వచ్చింది. దాన్ని వదిలించుకోవడానికి పడిన పాట్లు చూశాక, ఇక బతికున్న మేత వద్దనుకున్నాను. అయితే పెల్లెట్లు (దుకాణంలో దొరికే గుళికల మేత) వేస్తే అది దగ్గరకు వచ్చి చూసి వెళ్లిపోతోంది, అవి అడుగున నానిపోయి నీటిని పాడుచేస్తున్నాయి. మూడు రోజులు పస్తు పెట్టి, నాలుగో రోజు మనసొప్పక మళ్లీ గోల్డ్‌ఫిష్‌లే వేశాను. దీనిని దారికి తెచ్చినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

పాతతొట్టి
మీ నిర్ణయం మంచిదేనండీ, తెగులు ఒక్కటే అందుకు కారణం కాదు. గోల్డ్‌ఫిష్ కార్ప్ జాతిది. దాని శరీరంలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది కాబట్టి, నెలల తరబడి అవే తిన్న చేపకు నరాలు దెబ్బతిని ఈత అదుపు తప్పే ప్రమాదం ఉంది. బొద్దింకలు కూడా మానండి. ఏ ఇంట్లో మందు కొట్టాక బయటికి వచ్చాయో మనకు తెలియదు.

ఇక అసలు విషయానికి వస్తే, అరోవానా నోరు పైకి తెరుచుకుని ఉంటుంది. అమెజాన్ ప్రాంతంలో వరద నీరు నిండిన అడవుల్లో అది నీటి మీద పడిన పురుగులను అందుకుంటుంది, కొమ్మ మీదున్నవాటి కోసం గాలిలోకి ఎగురుతుంది కూడా. అలాంటి చేప కంటికి, అడుగుకు జారిపోయే పెల్లెట్ మేతగా ఆనదు. ముందు తేలే పెల్లెట్లు కొనండి, కానీ వెంటనే వేయకండి. పచ్చి రొయ్య పెంకు తీసి, గోరంత ముక్కను సన్నని వెదురు పుల్లకు గుచ్చి, రోజూ ఒకే వేళకు నీటి పైపొరను తాకిస్తూ కదిలించండి. పుల్ల నుంచి లాక్కోవడం మొదలయ్యాక ముక్కను విడిగా వేయండి. ఆ తర్వాత ముక్కకు గాటు పెట్టి, తొట్టి నీటిలో తడిపిన పెల్లెట్‌ను అందులో దూర్చండి. రొయ్య తగ్గిస్తూ పెల్లెట్లు పెంచండి. మా చేప మొదటిసారి ఉమ్మేసింది, అరగజం దూరం పోయి, తిరిగి వచ్చి అదే ముక్కను మింగింది. మొత్తం ఐదు వారాలు పట్టింది. కొన్ని రకాల రొయ్యల్లోనూ ఆ ఎంజైమ్ ఉంటుంది కనుక రొయ్య దగ్గరే ఆగిపోకండి.

ఉప్పుటేరు
పుల్ల పద్ధతి సరైనదే గానీ, ఆకలి లేని చేపకు ఎంత ఊపినా దండగ. 14 నెలలు పుష్టిగా తిన్న 15 అంగుళాల చేప వారం పది రోజులు తినకపోతే దానికేమీ కాదు. మీరు నాలుగో రోజున లొంగిపోయి, బెట్టు చేస్తే గోల్డ్‌ఫిష్ వస్తుందని దానికి నేర్పారు. అయితే ఆరు అంగుళాల లోపు పిల్లలను, ఈమధ్యే జబ్బు పడి లేచిన చేపను ఇలా పస్తు పెట్టకూడదు. తినని ముక్కను పావుగంటలో వలతో తీసేయండి, లేకపోతే అమోనియా పెరుగుతుంది. మూత మీద బరువు పెట్టడం మరవకండి. ఆకలిగా ఉన్న అరోవానా ఎగిరి నేల మీద పడ్డాక చూసి లాభం లేదు.

చెరువుగట్టు
నాకు అక్వేరియం లేదు. కొరమీను పిల్లలను పెంచుతాను. అదీ వేటాడి తినే చేపే. పిల్లలు వేలెడంత కాకముందే చేప మాంసం ముద్దలో మేత పొడి కలిపి, కొన్ని రోజులకొకసారి ఆ పొడి వాటా పెంచుతూ పోతాం. ఒక్కసారిగా మార్చితే మేత వదిలేసి పెద్దవి చిన్నవాటిని మింగుతాయి. నేను గమనించినదేమంటే, నాలుగు పిల్లలు తినడం మొదలుపెడితే తక్కినవి వాటిని చూసి ఎగబడతాయి. అరోవానా నోట పట్టనంత పెద్ద సిల్వర్ డాలర్ చేపలు రెండు మూడు అదే తొట్టిలో పెట్టి, వాటికి దాని ఎదుటే తేలే పెల్లెట్లు వేసి చూడండి.

కృష్ణాతీరం
ముగ్గురికీ కృతజ్ఞతలు. ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. తెగులు తగ్గి నెల గడిచింది కాబట్టి ధైర్యం చేసి పస్తు పెట్టాను. ఆరు రోజులు పుల్లవైపు కన్నెత్తి చూడలేదు, ఏడో రోజు సాయంత్రం రొయ్యను పుల్లతో సహా లాగేసింది. పెల్లెట్ దూర్చిన మొదటి వారం రొయ్యను మింగి, పెల్లెట్‌ను మాత్రం పొడిపొడిగా మొప్పల సందుల్లోంచి వదిలింది. సిల్వర్ డాలర్లు వచ్చాక ఆ బెట్టు తగ్గింది. ఇప్పుడు పూటకు ఎనిమిది, పది తేలే పెల్లెట్లు తింటోంది. కాకపోతే పుల్ల ఆడించిన ఎడమ మూలన వేస్తేనే తింటోంది. కుడివైపు వేసినవి ఇంకా సిల్వర్ డాలర్ల పాలే.