గూఢచారి సినిమాకి లొకేషన్ అంటే ఎలా ఉండాలి? వైజాగ్ వన్‌టౌన్ సరిపోదా?

కొండమీది_కోరాడ (చర్చ మొదలుపెట్టినవారు):

మన దగ్గర ఎవరు స్పై సినిమా మొదలుపెట్టినా మొదటి షెడ్యూల్ యూరప్‌లోనే ఎందుకు పెడతారన్నది నాకు చాలాకాలంగా ఉన్న బాధ. మంచు కొండ, గాజు మేడ, ఖరీదైన కారు, పైనుంచి డ్రోన్ షాట్. చూడ్డానికి బాగానే ఉంటాయి, కాదనను. కానీ పదిమంది కళ్ళు పడే చోటికి వెళ్ళడమే గూఢచారికి ప్రమాదం కదా. వాడికి కావాల్సింది రోజూ వెళ్ళినా ఎవరూ "ఏం పని మీద వచ్చావ్" అని అడగని చోటు.

అలాంటిది ఒకటి చెప్తాను. వైజాగ్ వన్‌టౌన్‌లో పోర్టును ఆనుకుని పక్కపక్కనే మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, మూడోది రాస్ హిల్, దాని మీద మేరీమాత చర్చి. ఏది ఎక్కినా కింద హార్బర్ ఛానెల్ కనిపిస్తుంది, అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ గోడలా నిలబడి ఉంటుంది. లోపలి హార్బర్‌కి వచ్చే ఓడైనా, బయటికి పోయే ఓడైనా ఆ ఇరుకు దారిలోంచే వెళ్ళాలి. కొబ్బరికాయ పట్టుకుని ఒకడు, కొవ్వొత్తుల పొట్లం పట్టుకుని ఒకడు రోజూ ఎక్కుతారు, ఎవరు ఆపుతారు? గుడి మెట్ల మీద ఏజెంట్, చర్చి గోడ దగ్గర వాణ్ణి కనిపెట్టే మనిషి, మధ్యలో ఓడ. ఇంతకన్నా మంచి సీన్ ఏ దేశంలో దొరుకుతుంది చెప్పండి. ఒప్పుకోనివాళ్ళు ఇంకో చోటు చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి.

బెర్లిన్_బండి:

కోరాడ గారూ, మీ మూడు కొండలు నాకు నచ్చాయి, కానీ యూరప్ అంటే మంచు కొండలేనా? నేను ఉండే ఊరి అంచునే గ్లీనికే వంతెన ఉంది. హావెల్ నది మీద, ఇవతల బెర్లిన్, అవతల పోట్స్‌డామ్. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఒక చివర అమెరికా సెక్టార్, ఇంకో చివర తూర్పు జర్మనీ. 1962 ఫిబ్రవరి 10న సోవియట్ గూఢచారి రుడాల్ఫ్ ఏబెల్‌ని ఇచ్చి, 1960లో సోవియట్ గగనతలంలో కూలిన యూ-2 విమానం పైలట్ గ్యారీ పవర్స్‌ని అమెరికా వెనక్కి తెచ్చుకున్నది ఇక్కడే. 1985లో ఒకేసారి 23 మందిని నలుగురికి మార్చుకున్నారు. 1986లో సోవియట్ ప్రభుత్వం జైల్లో పెట్టిన అసమ్మతివాది షరాన్‌స్కీని విడిపించుకున్నారు. మొత్తం మూడు సార్లే జరిగాయి, అయినా ప్రపంచమంతా దీన్ని గూఢచారుల వంతెన అంటుంది.

వాన్‌సీ స్టేషన్‌లో దిగి 316 నంబరు బస్సెక్కితే నేరుగా వంతెన దగ్గర దింపుతుంది. సగం దాకా నడిచి ఆగి ఇనుప దూలాలను జాగ్రత్తగా చూస్తే ఒక సగం ఆకుపచ్చ, రెండో సగం ఆకుపచ్చ ఒకటి కాదు. రెండు రాజ్యాలు చెరో సగానికి రంగు వేసుకున్న గుర్తు అది. కాలిబాటలో విభజన గుర్తుగా ఒక లోహపు పట్టీ కూడా ఉంది. చుట్టూ చెట్లు, నది, పాత భవంతులు తప్ప దాక్కోవడానికి ఏమీ లేదు, వంతెన మీద నడిచే మనిషి రెండు పక్కల తుపాకులకూ కనిపిస్తూనే ఉండాలి. మీ కొండల మీద దాక్కునే వీలుంది కాబట్టి టెన్షన్ తక్కువ. ఇక్కడ దాక్కోలేకపోవడమే టెన్షన్.

సీమదారి:

ఇద్దరూ చరిత్ర పాఠం చెప్తున్నారు గానీ సినిమా అనేది ముందు కంటికి కదా. టికెట్ కొన్నవాడికి నోరు తెరుచుకునే చోటు చూపించాలి. బెలుం గుహలు చూశారా ఎవరైనా? మా నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర. 3,229 మీటర్ల పొడవు, పాతాళగంగ దగ్గర 46 మీటర్ల లోతు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, ఆ తర్వాత సుమారు వందేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు, 1982-83లో జర్మన్ గుహాన్వేషకులు వచ్చి కొలిచారు. పైనుంచి చూస్తే బల్లపరుపు మెట్టభూమి, ఒక గొయ్యి, అంతే. లోపలికి దిగి కాస్త దూరం పోయేసరికి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోతుంది, అంత ఉక్క. గాలి అందడానికి మిషన్లు పెట్టి బయటి గాలి లోపలికి తోస్తారు. ఆ గాలి మిషన్ ఆగిపోయి, లైట్లు పోయి, నీళ్ళు కారే శబ్దం మాత్రమే వినిపిస్తుంటే అక్కడ ఛేజింగ్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కొండమీది_కోరాడ:

@సీమదారి, బెలుం అద్భుతం, అందులో అనుమానం లేదు. కానీ గూఢచారి ఆ గుహలోకి ఏం పని మీద వెళ్తాడు? నిధి వేటకి పనికొస్తుంది, హత్య కథకి పనికొస్తుంది. గూఢచర్యానికి ఒక రహస్యం కావాలి, దాన్ని కాపాడేవాడు, దొంగిలించేవాడు ఒకే చోట తిరగాలి. బెలుంలో టూరిస్టు, గైడు తప్ప ఎవరుంటారు?

సీమదారి:

రచయిత తలుచుకుంటే కారణం దొరకదా అన్నా? పాత మ్యాపు, దాచిన వైర్‌లెస్ సెట్టు, ఏదో ఒకటి. కారణం పుట్టించుకోవచ్చు, గుహని పుట్టించలేం. సెట్ వేస్తే ఆ తేమ, ఆ చీకటి రావు.

స్టీల్‌ప్లాంట్_గేటు:

వైజాగ్ వాణ్ణే అయినా కోరాడ గారితో ఒప్పుకోను. 2019 డిసెంబరులో బయటపడిన కేసు గుర్తుందా? దానికి పోలీసులు పెట్టిన పేరే ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్. ఏడుగురు నేవీ ఉద్యోగుల్ని, ఒక హవాలా మనిషిని అరెస్టు చేశారు. ఓడలు, సబ్‌మెరైన్ల కదలికల సమాచారం పాకిస్తాన్‌కి చేరిందన్నది ఆరోపణ, తర్వాత కేసు ఎన్.ఐ.ఏ. తీసుకుంది. అదంతా ఎక్కడ జరిగింది? ఫేస్‌బుక్‌లో. ఆడపిల్ల పేరుతో రిక్వెస్టు, కొన్నాళ్ళ చాటింగ్, ఆ తర్వాత బెదిరింపు. ఎవడూ కొండ ఎక్కలేదు, ఎవడూ వంతెన దాటలేదు. ఇప్పటి గూఢచర్యం అరచేతిలో ఫోన్‌లో జరుగుతుంటే ఇంకా లొకేషన్ గురించి కొట్టుకోవడం ఎందుకు? ఇప్పటి కథ నిజాయితీగా తీస్తే అది ఒక గదిలో, ఒక మంచం మీద జరుగుతుంది.

జాలరి_వీధి:

స్టీల్‌ప్లాంట్ బ్రదర్, ఆ ఫోన్ చూసుకునే కుర్రాడు ఎక్కడ కూర్చున్నాడన్నదే లొకేషన్. సాయంత్రం బీచ్ రోడ్డు మీదికి రండి. ఒక పక్క మ్యూజియంగా మార్చిన కురుసుర సబ్‌మెరైన్, రోడ్డుకి ఇటు టీయూ-142 అనే పాత నేవీ విమానం, దగ్గర్లోనే 1971 యుద్ధ స్మారకం. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఆ డిసెంబరులో మునిగిపోయింది ఈ తీరం బయటే. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు బాంబులేసింది కూడా ఈ ఊరి మీదే, పేలకుండా మిగిలిన బాంబు విశాఖ మ్యూజియంలో పెట్టారు. ఇంత యుద్ధం కళ్ళ ముందు పెట్టుకుని జనం మురీ మిక్చర్, మొక్కజొన్న పొత్తులు తింటూ సెల్ఫీలు దిగుతుంటారు. ఆ జనంలో తలొంచుకుని ఒకమ్మాయి మెసేజ్ కోసం ఎదురుచూసే నేవీ కుర్రాడు ఉన్నాడనుకోండి, వాడి వెనకాల దూరంగా యుద్ధనౌక దీపం. గదిలో మంచం మీద కన్నా ఇది వంద రెట్లు భయం పుట్టిస్తుంది.

కురుసుర లోపలికి వెళ్ళారా ఎప్పుడైనా? 91 మీటర్ల పొడవున్నా లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అంటుకోవాల్సిందే. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంత ఉంటుంది, దాంట్లోంచి ముందు కాలు పెట్టి, నడుం వంచి, ఆఖర్న తల లాక్కోవాలి. పొడుగువాళ్ళకి నుదురు తగలడం ఖాయం. ఆ కంత దాటే క్షణంలో మనిషి చేతులు రెండూ పట్టుకోవడానికే సరిపోతాయి, ఎదుటివాడు ఏం చేసినా ఆపలేడు. ఫైట్ మాస్టర్లు ఎవరైనా చదువుతుంటే ఇది గుర్తుపెట్టుకోండి.

ఓరుగల్లు_కాకతీయ:

అందరూ సముద్రం చుట్టూ తిరుగుతున్నారు, మా దిక్కు ఎవరూ చూడరు. నా ఓటు మామునూరు ఎయిర్‌స్ట్రిప్‌కి. వరంగల్ నుంచి ఖమ్మం పోయే దారిలో ఉంటుంది, నిజాం కాలం నాటిది, దశాబ్దాలుగా విమానం దిగింది లేదు.

ఎందుకంటారా? 1948లో భారత ప్రభుత్వానికీ హైదరాబాద్ సంస్థానానికీ మధ్య బిగుసుకుపోయి ఆయుధాలు లోపలికి రాకుండా కట్టడి చేసినప్పుడు, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో ఆయుధాలు తెచ్చి నిజాం ప్రభుత్వానికి చేరవేశాడు. అవి దిగిన చోట్లు బీదర్, వరంగల్. లాంకాస్ట్రియన్ అంటే రెండో ప్రపంచ యుద్ధపు లాంకాస్టర్ బాంబర్‌ని మార్చి ప్రయాణికుల కోసం చేసిన నాలుగింజన్ల విమానం. ఇంతకీ ఈ కాటన్ మామూలు స్మగ్లర్ కాదు. 1939లో యుద్ధానికి ముందు వ్యాపారిలా జర్మనీ వెళ్తూ, విమానం పొట్టలో రహస్య కెమెరాలు పెట్టుకుని బ్రిటిష్ గూఢచార శాఖ కోసం ఫొటోలు తీసిన మనిషి. అంటే అసలు సిసలు గూఢచారి మా వరంగల్ కథలో ఉన్నాడు! చివరికి బ్రిటన్‌లో ఆయనకి పడిన శిక్ష 200 పౌండ్ల జరిమానా.

ఇంకా ఉంది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. మూడు రోజులకి, అంటే 20న, హైదరాబాద్ ఖజానా డబ్బు పది లక్షల పౌండ్లు పైగా లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి మారిపోయింది. ఆ గొడవ తేలడానికి 2019 దాకా పట్టింది, అప్పటికి అది దాదాపు 3.5 కోట్ల పౌండ్లు అయింది, లండన్ కోర్టు భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకీ చెందుతుందని తీర్పు చెప్పింది. 1950 మార్చిలో, హైదరాబాద్ మాజీ ప్రధాని లాయక్ అలీ బేగంపేటలో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. కరాచీ, మామునూరు, బేగంపేట, లండన్, నాలుగు చోట్లూ కథే అడుగుతోంది. ఇందులో లండన్ వెళ్తే నాకేం అభ్యంతరం లేదు, పాట కోసం వెళ్ళడం లేదు కాబట్టి.

బెర్లిన్_బండి:

కాటన్ సంగతి చదివి నేను కుర్చీలోంచి లేచాను. కానీ ఒక సందేహం. ఆయుధాలు తెచ్చినవాడు హీరో ఎలా అవుతాడు? ఆ తుపాకులు ఎవరి మీద పేలాలని తెచ్చారో మనకి తెలియదా? ఆ రోజుల్లో తెలంగాణ పల్లెల్లో రజాకార్ల దాడులు జరుగుతున్నాయి. విమానం, పైలట్ స్టైలు చూపించి జనాన్ని మరిచిపోతే అది అన్యాయం.

ఓరుగల్లు_కాకతీయ:

కాటన్‌ని హీరో చేయమని నేనెక్కడ అన్నాను అన్నా? కెమెరా విమానంలో వద్దు, కిందే ఉండాలి. ఎయిర్‌స్ట్రిప్ పక్క చేనులో రాత్రి నీళ్ళు కట్టుకునే రైతు, పైన ఇంజన్ల మోత వింటాడు, వెలుతురు కనబడదు. మర్నాడు పొద్దున బండ్ల మీద పెట్టెలు పోతుంటాయి. చూసింది ఎవరికి చెప్పాలో, చెప్తే ఇంటిమీదికి ఎవరొస్తారో వాడికి తెలుసు. నా దృష్టిలో ఆ సినిమాలో గూఢచారి అతనే. కోరాడ గారు అన్నారే, రోజూ అక్కడే ఉన్నా ఎవరూ అడగని మనిషి అని, ఆ చేనులో రైతుని ఎవరు అడుగుతారు?

తెరవెనుక:

డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను, కాబట్టి నేల మీది మాట చెప్తాను. వైజాగ్‌లో నేవీ పరిసరాల్లో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడం నిషేధం, కెమెరా ఎటు తిప్పుతున్నారో కూడా చూస్తారు. మీరు చెప్పిన చర్చి గోడ మీంచి ఛానెల్ వైపు పెద్ద లెన్సు పెడితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి అడగడం ఖాయం. కురుసురలో ట్రాలీ వేయలేం, చేత్తో పట్టుకునే కెమెరాతోనే తీయాలి, లైట్ల వేడికి యూనిట్ ఉడికిపోతుంది. బెలుంలో జనరేటర్ బయటే ఉంచి కేబుల్ లోపలికి లాగాలి, తేమకి పరికరాలు పాడవుతాయి. యూరప్‌లో చాలా చోట్ల సినిమా తీసేవాళ్ళకి ప్రభుత్వమే రాయితీ ఇస్తుంది, ఒక కిటికీలో అనుమతులన్నీ దొరుకుతాయి. నిర్మాతలు అక్కడికి పోవడానికి మోజు ఒక్కటే కారణం అనుకోకండి, లెక్క కూడా కారణమే. మన దగ్గర మూడు ఆఫీసులు తిరిగినా షూటింగ్ రోజు పొద్దున ఇంకో కాగితం అడుగుతారు.

కొండమీది_కోరాడ:

@తెరవెనుక గారూ, కాగితాల కష్టం నిజమే, దాని మీద సర్కారు వాళ్ళని నిలదీయాల్సిందే. కానీ మీరు చెప్పిన మాటలోనే నాకు సీన్ దొరికింది. ఛానెల్ వైపు లెన్సు పెడితే పది నిమిషాల్లో మనిషి వస్తాడన్నారు కదా? చర్చి గోడ దగ్గర ఫొటోగ్రాఫర్ వేషంలో ఉన్నవాడికీ ఆ పది నిమిషాలే ఉంటాయి. ఓడ మలుపు తిరిగేలోపు క్లిక్ పడాలి, మెట్ల కింద బూట్ల చప్పుడు వినబడేలోపు లెన్సు సంచిలోకి పోవాలి. ఆ భయం ఊరి భయం, దాన్ని స్విట్జర్లాండ్ కొండ మీద పుట్టించలేం. ఓడ షాట్ వేరే రేవులో తీసి కలుపుకోవచ్చు, మెట్లు, గోడ, మనిషి మాత్రం ఇక్కడివే ఉండాలి.

మామునూరు మాత్రం నా కొండలకి గట్టి పోటీ. ఆ చేను, ఆ చీకటి, ఆ మోత నన్ను వదలడం లేదు. ఓరుగల్లు గారూ, ఇప్పుడు అక్కడ షూటింగ్‌కి పనికొచ్చేలా ఉందా?

ఓరుగల్లు_కాకతీయ:

2025లో కేంద్రం ఎయిర్‌పోర్టుగా మళ్ళీ తెరవడానికి అనుమతి ఇచ్చింది. మా జిల్లాకి అది చాలా అవసరం, సంతోషమే. పనులు పూర్తయితే కొత్త టెర్మినల్, కొత్త రన్‌వే, కంచె, సీఐఎస్‌ఎఫ్ జవాన్లు వస్తారు, పాత నేల ఇక కనబడదు. ఎవరికైనా ఈ కథ మీద ఆసక్తి ఉంటే ముందు కెమెరామన్‌ని తీసుకొచ్చి అమావాస్య రాత్రి పక్క ఊరి చేలల్లో నిలబెట్టండి. దారి చూపించడానికి నేనొస్తా.