ఇరవై నెలల పాపతో ఏడాది పొడుగునా బయట తిరగొచ్చా? (అత్తగారు వద్దంటున్నారు)

రాజోలు కోడలు:
అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పాపకి ఇరవై నెలలు. నడక దాటి పరుగులోకి దిగింది. మా వారిది హైదరాబాదులో ఉద్యోగం, నెలకి రెండుసార్లు వస్తారు. వచ్చిన ప్రతిసారీ పాపని ఎక్కడికైనా తీసుకెళ్దామంటారు. మొన్న ఆదివారం అంతర్వేది వెళ్ళాం. నరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట కాసేపు ఇసుకలో ఆడించుకుని వచ్చాం. మూడోరోజుకి పాపకి జలుబు. అప్పటినుంచి అత్తగారిది ఒకటే మాట: మూడేళ్ళు నిండేదాకా గుడికి తప్ప గడప దాటించొద్దు. ఇప్పుడు కార్తీకం వచ్చేస్తోంది. మా వీధివాళ్ళు కాలువ అవతల కొబ్బరితోటలో వనభోజనాలు అనుకున్నారు. వెళ్ళమంటారా? అసలు ఈ వయసు పిల్లలతో మీరు ఏ కాలంలో ఎక్కడికి వెళ్తున్నారు?

గట్టుమీద పెదబాబు:
వెళ్ళమ్మా, అడగడమేంటి. మేం పెరిగిందే కాలువ గట్టు మీద. వేసవిలో కాలువలు కట్టేస్తే మళ్ళీ జూన్‌లో నీళ్ళొదిలేదాకా కాలువ అడుగునే మా ఆటలన్నీ. మట్టీ ఎండా ఒంటికి తగలాలి. మా మనవడు హైదరాబాదులో ఏడో అంతస్తులో ఉంటాడు. సంక్రాంతికి నాలుగు రోజులు వస్తాడు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి భుజాన కూర్చోబెట్టుకుని తీసుకెళ్తానన్నాను. పదకొండు ఊళ్ళ రుద్రులు ఒకచోట చేరే తీర్థం అది. కోడలు ఒప్పుకోలేదు. దుమ్ము పడదట, అలర్జీ అట. పిల్లాడు ప్రభల్ని ఫోన్లో చూశాడు, అరమైలు దూరంలో కూర్చుని.

డెల్టా నాన్న:
వెళ్ళండి గానీ కొబ్బరితోట అన్నారు కాబట్టి ఒక మాట. చాప చెట్టు మొదట్లో వేయొద్దు. దింపు ఎప్పుడు తీశారో, అంటే చెట్లెక్కి కాయలు ఎప్పుడు దించారో, తోటవాళ్ళని ముందే అడగండి. ఈ వారం పదిరోజుల్లో దింపు అయిన తోటైతే పైన ముదురు కాయ ఉండదు, ఎండుమట్టలు కూడా లాగేసి ఉంటారు. దింపు అయి రెండు నెలలు దాటితే వేరే చోటు చూసుకోవడం మంచిది.

గట్టుమీద పెదబాబు:
కొబ్బరికాయకి కళ్ళుంటాయండీ. మూడు. మనిషి మీద పడదు. అరవై ఏడేళ్ళుగా ఆ చెట్ల కిందే తిరుగుతున్నాను.

భీమవరం బుల్లోడు:
మా కారు అద్దం మీద పడింది. మనిషి కాదు కాబట్టి లెక్కలోకి రాదేమో.

డెల్టా నాన్న:
పెదబాబు గారూ, కాయకి కళ్ళున్నాయి సరే. మట్టకి ఉన్నాయా?

గట్టుమీద పెదబాబు:
మట్ట ఊడేముందు చప్పుడవుతుంది.

డెల్టా నాన్న:
ఆ చప్పుడు విని ఇరవై నెలల పాప పక్కకి తప్పుకుంటుందంటారు.

ఆయ్ అండి:
తోటలో ఉసిరిచెట్టు ఉందా? లేకపోతే అది వనభోజనం కాదు, ఉత్త పిక్నిక్.

కడియం పూలు:
కోడలు గారు కొబ్బరికాయ గురించి అడగలేదు, కాలాల గురించి అడిగారు. నాకు తెలిసినంతలో చిన్నపిల్లలకి మా కడియం నర్సరీలే హాయి, డిసెంబరు, జనవరి నెలల్లో. బంతి, చామంతి, పిటూనియా రంగురంగుల మడులు చూసి పిల్లలు కదలరు. మంచు తేలాక తొమ్మిది దాటి రండి. ఒక్కటే జాగ్రత్త: ఏ మడికి మందు కొట్టారో పనివాళ్ళని అడిగి అటువైపు వెళ్ళొద్దు. ఈ వయసులో పువ్వు కోస్తే తిన్నగా నోట్లోకే వెళ్తుంది.

భీమవరం బుల్లోడు:
చలికాలంలో కొల్లేరు ఆటపాక కూడా బాగుంటుంది. గూడబాతుల్ని చూసి మా వాడు వారం రోజులు రెండు చేతులూ ఆడిస్తూ ఇల్లంతా తిరిగాడు.

సూదిమందు సిస్టర్:
ముందు జలుబు సంగతి. ఇసుక వల్లో సముద్రపు గాలి వల్లో జలుబు రాదండీ. జలుబున్న మనిషి నుంచి వస్తుంది. అంతర్వేదిలో పాపకి అది అంటుకునే వీలు సముద్రం దగ్గర కంటే దర్శనం క్యూలోనే ఎక్కువ. అంటే అత్తగారు సరే అన్న చోటు నుంచే వచ్చి ఉండొచ్చు. (ఈ ముక్క ఆవిడకి చెప్పకండి.)

వానాకాలంలో నా భయం దోమ. డెంగీ దోమ పగలే కుడుతుంది, పొద్దున్నా సాయంత్రం చీకటి పడేముందూ మరీను. చేతులూ కాళ్ళూ కప్పే పల్చటి నూలు బట్టలు వేయండి. ఎండాకాలంలో పదకొండు నుంచి నాలుగు దాకా నీడపట్టునే ఉంచండి. పాపని కార్లో వదిలి ఒక్క నిమిషం కూడా దిగకండి. తాటిముంజలు పెట్టాలనిపిస్తే లేతవి తొక్క తీసి మెత్తగా నలిపి పెట్టండి. ముక్కగా పెడితే జారి గొంతుకి అడ్డం పడుతుంది.

ఇక అసలు సంగతి. కాలువ అవతల తోట అన్నారు. చాపకీ కాలువకీ ఎంత దూరం? ఇంతమంది రాశారు, ఈ మాట ఒక్కరూ అడగలేదు. చిన్నపిల్లలు మునిగేటప్పుడు కేకలు వేయరు, చప్పుడు లేకుండా జారిపోతారు. అందుకు బక్కెట్టులో నీళ్ళు చాలు. ఒకటి నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల మరణాలకి ముఖ్య కారణాల్లో నీట మునగడం ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

గట్టుమీద పెదబాబు:
సిస్టర్ గారూ, మా అందరికీ ఈత నేర్పింది ఆ కాలువే. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి 1852లో పని పూర్తిచేసిన నాటి నుంచి ఈ జిల్లాల్లో పిల్లలంతా కాలువ పక్కనే పెరిగారు. నీళ్ళని చూసి భయపడితే డెల్టాలో ఎలా బతుకుతాం?

డెల్టా నాన్న:
మీ రోజుల్లో రోడ్డుకి రెండువైపులా వరిచేలు, మోకాలి లోతు నీళ్ళు. ఇప్పుడు మా వైపు ఎటు చూసినా చేపల చెరువులూ రొయ్యల చెరువులే. గట్టు దిగితే నిలువు లోతు, జారుడు బంకమట్టి, చుట్టూ కంచె ఉండదు. అదీకాక, కాలువలో మునిగిపోయినవాళ్ళు వచ్చి ఇక్కడ తమ అనుభవం రాయరు కదండీ. మిగిలినవాళ్ళే 'మాకేం కాలేదు' అని రాస్తారు.

ఇంకోటి కూడా అడగాలి. ఏటా జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారనగానే పిల్లల్ని బండి ముందు కూర్చోబెట్టుకుని వరద చూడ్డానికి ఏటిగట్టు మీదకి పోతారు జనం. అది కూడా మట్టి ఒంటికి తగలడం కిందకే వస్తుందా?

గట్టుమీద పెదబాబు:
నేను చెప్పనిది నా నోట్లో పెట్టకండి. వరదకి తీసుకెళ్ళమని నేనన్నానా? మీరంతా చదువుకుని భయాలు నేర్చుకున్నారు. ఆ భయాలకి పిల్లలు బలైపోతున్నారు. చెట్టు తెలీదు, చేను తెలీదు, తాత తెలీదు.

డెల్టా నాన్న:
మీ కోడలు మనవడిని పంపలేదన్న కోపం మా మీద తీర్చుకోకండి.

గట్టుమీద పెదబాబు:
మా ఇంటి ఆడపిల్ల గురించి మాట్లాడే హక్కు మీకెవరిచ్చారు?

డెల్టా నాన్న:
ఆవిడ సంగతి ఇక్కడ రాసింది మీరే.

ఆయ్ అండి:
వేయించిన వేరుశనక్కాయలు పట్టుకుని కూర్చున్నాను. కానివ్వండి.

పాలకొల్లు అమ్మమ్మ:
ఇద్దరూ కాసేపు ఆగుతారా? కాయకి కళ్ళున్నాయా, మట్టకి చప్పుడుందా అంటూ తెగ రాస్తున్నారు. ఆ రోజు పాపని ఎవరు చూస్తారన్న మాట మీ ఇద్దరి రాతలో ఎక్కడుంది?

మా అమ్మాయికి ఉద్యోగం. సోమవారం నుంచి శనివారం దాకా మనవడు నా దగ్గరే. నాలుగేళ్ళ క్రితం వాడికి రెండేళ్ళప్పుడు కార్తీకమాసంలో మేమూ తోటకి వెళ్ళాం. చిన్నా పెద్దా కలిపి నలభై మంది. మా వారూ, అల్లుడూ, వియ్యంకుడూ పేకాటలో కూర్చున్నారు. ఆడవాళ్ళం వడ్డనలో ఉన్నాం. పిల్లాడు తాతయ్య దగ్గరున్నాడని నేను, అమ్మ దగ్గరున్నాడని అల్లుడు, నా దగ్గరున్నాడని మా అమ్మాయి. రేవు మెట్ల మీద ఎవరో ఆవిడ గిన్నెలు తోముకుంటోంది. మా వాడు రెండో మెట్టు దిగి, నీళ్ళలో ఒక కాలు పెట్టేసరికి ఆవిడ చూసి రెక్క పట్టుకుని లాగింది. ఆవిడ పేరు కూడా అడగలేదు మేం.

తర్వాత అందరూ నన్నే అడిగారు, నువ్వేం చేస్తున్నావని. నేనేం చేస్తున్నాను? అడిగినవాళ్ళకే కందా బచ్చలి మారు వడ్డిస్తున్నాను. పేకముక్కలు చేతిలో ఉన్నవాళ్ళని ఒక్కరూ అడగలేదు.

అప్పటినుంచి ఎక్కడికన్నా మంచు అంటాను, గాలి అంటాను, దిష్టి అంటాను. నా మోకాళ్ళు వాడి వెనక పరుగెత్తలేవని చెబితే, అయితే నువ్వు ఇంట్లో ఉండు అంటారు. నాకూ చెట్టు కింద కూర్చుని విస్తట్లో నాలుగు మెతుకులు వేడిగా తినాలనే ఉంటుంది. కోడలమ్మా, మీ అత్తగారి మాటలో జలుబెంతో మోకాళ్ళెంతో ఒకసారి కనుక్కో.

సూదిమందు సిస్టర్:
అమ్మమ్మగారూ, నేను పెద్ద పట్టీ రాశాను గానీ మీరు చెప్పిందే మొదట రాయాల్సింది. నీళ్ళున్న చోట పిల్లకి చేతికి అందేంత దూరంలో ఒక మనిషి ఉండాలి. అందరూ చూస్తుంటారు అనుకుంటే కుదరదు, ఫలానా మనిషి అని తేలాలి. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు, గరిటె కూడా ఉండకూడదు.

డెల్టా నాన్న:
మొన్న ఫిబ్రవరిలో కోరంగి వెళ్ళాం. మడ అడవిలో చెక్కవంతెన మీద మా వాణ్ణి బాగా తిప్పానని అందరికీ చెప్పుకున్నాను. ఇందాక ఆ ఫొటోలు తీసి చూశాను. ప్రతి దాంట్లోనూ వాడి వెనకాల మా ఆవిడ వంగి నడుస్తూ ఉంది. ఆవిడ మొహం ఒక్క ఫొటోలోనూ లేదు. నేను తీసినవే.

పెదబాబు గారూ, కోడలు గారి మాట ఎత్తకుండా ఉండాల్సింది. క్షమించండి.

గట్టుమీద పెదబాబు:
పర్లేదు లెండి. నేనూ ఒక మాట దాచాను. ప్రభల తీర్థానికి భుజాన వేసుకుని తీసుకెళ్తానన్నప్పుడు మా కోడలు అడిగింది, 'మీ భుజం గంటలో నొప్పెడుతుంది మావయ్యా, ఆ జనంలో తర్వాత ఎవరెత్తుకోవాలి?' అని. నాకు కోపం వచ్చి జవాబు చెప్పలేదు. అలర్జీ మాట ఆ తర్వాత వచ్చింది. నాకు ముందు మాట మింగుడుపడక రెండో మాటే అందరికీ చెప్పుకుంటున్నాను.

కొబ్బరికాయకి మాత్రం కళ్ళుంటాయి. అందులో మార్పు లేదు.

భీమవరం బుల్లోడు:
అద్దం డబ్బులు ఎక్కడికి వచ్చి తీసుకోమంటారు?

రాజోలు కోడలు:
అందరివీ చదివాను. అంతర్వేదిలో ఏం జరిగిందో ఇప్పుడు చెప్తాను. మా వారు నీళ్ళు కలిసేచోట ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ ముందుకెళ్ళారు. పాప అల కనపడితే చాలు అటే పరుగు. రెండు గంటలు నడుము ఎత్తలేదు నేను. కట్టుకెళ్ళిన పులిహోర ఇంటికొచ్చాక తిన్నాను, పాచిపోయే వేళకి. అత్తగారిని రమ్మని అడిగామా అంటే అదీ లేదు. కారులో చోటుంది, ఎందుకో ఎవరికీ తోచలేదు.

మా వారికి రాత్రి ఫోన్లో చెప్పాను, వనభోజనాల రోజు పన్నెండు నుంచి రెండు దాకా పాప మీది అని. ఇద్దరం చూద్దాంలే అన్నారు. ఇద్దరం అంటే నేనే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత సరే అన్నారు. చాప కాలువ వైపు కాకుండా తోట అవతలి గట్టు వైపు వేయమని వీధివాళ్ళకి చెప్పాం. దింపు మొన్న శనివారమే అయిందట.

అమ్మమ్మగారు రాసింది అత్తగారికి చదివి వినిపించాను. 'ఇవన్నీ నలుగురిలో చెప్పుకుంటారా ఎవరైనా' అని విసుక్కుని లోపలికెళ్ళిపోయారు. గిన్నెల చప్పుడు కాసేపు గట్టిగా వినిపించింది. మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడి, తోటకి నడిచి వెళ్తామా, ఆటో మాట్లాడారా అని అడిగారు.