నాగోల్ నుంచి గచ్చిబౌలి, కార్లో ఒక్కరే... ఎలా మార్చాలి?

నాగోల్‌వాసి: మా ఆఫీస్ గచ్చిబౌలిలో, ఉప్పల్ నాగోల్ సైడ్ నుంచి వచ్చేవాళ్ళు మా ఫ్లోర్‌లోనే బోలెడుమంది, తలా ఒక కారేసుకుని ఒక్కరే వస్తారు, బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఆగి పక్కకి చూస్తే ఏ కార్లో చూసినా వెనక సీట్లో లాప్‌టాప్ బ్యాగే, మనిషి లేడు. హెచ్ఆర్‌ని ఏం అడిగితే పనవుతుంది?

రమ్య: నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో బ్లూ లైన్ ఒకటే కదండీ, ఎక్కడా మారే పని లేదు. ఇబ్బందంతా దిగాకే, ఆటోవాళ్ళతో బేరాలు, వానొస్తే ఇంక చెప్పక్కర్లేదు. పొద్దున సాయంత్రం స్టేషన్ కింద నుంచి ఆఫీస్‌కి షటిల్ బస్సు పెట్టమనండి, మా దగ్గర అది పెట్టాకే జనం మెట్రో ఎక్కారు.

సీనుబాబు: పార్కింగ్ ఫ్రీగా ఇచ్చినంతకాలం ఎవడూ కదలడు బ్రో. డబ్బులు తీసుకోమంటే గొడవైపోద్ది, కారు తేనోళ్ళకి ఆ స్లాట్ ఖర్చు చేతికి ఇమ్మను. కాలిఫోర్నియాలో కొన్ని కంపెనీలకి దీనిమీద 1992లోనే చట్టం చేశారు.

రమ్య: ఇంకోటండీ, కార్‌పూల్, అంటే నలుగురూ కలిసి ఒకే కార్లో రావడమంటే మాకు భయం రాత్రి లేటైతే ఎలా అని. ఆ రోజు ఆఫీసే క్యాబ్ ఇస్తుందని మెయిల్‌లో రాసిస్తే చాలామంది కారు ఇంట్లో వదిలేస్తారు.

నాగోల్‌వాసి: క్యాబ్ సంగతి నాకసలు తట్టలేదండీ, థాంక్స్. ముందు షటిల్ అడుగుతా. పక్క బిల్డింగ్ కంపెనీలతో కలిసి ఖర్చు పంచుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?