'ధైర్యముతో కృపాసనమునొద్దకు': ఈ ధైర్యం ఏ ధైర్యం?

మొన్న ఇక్కడ ఒకరు అడిగిన ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదల్లేదు. బైబిల్లో హెబ్రీయులకు రాసిన ఉత్తరం, అంటే హెబ్రీ పత్రిక 4:16లో "గనుక మనము కనికరింపబడి సమయోచితమైన సహాయముకొరకు కృప పొందునట్లు ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము" అని ఉంది కదా, కనికరించేవాడి దగ్గరికి పోవడానికి ధైర్యం దేనికి, అక్కడ భయపడాల్సింది ఏముంది అని. మంచి ప్రశ్న. నాకు తోచింది చెప్తాను, తప్పయితే దిద్దండి.

ముందు భయం సంగతి. ఆ పత్రిక ఎవరికోసం రాశారో వాళ్లకి గుడారం (పాతకాలం యూదుల ఆరాధన స్థలం), అందులో తెర వెనక దేవుడి సన్నిధి ఉండే అతిపరిశుద్ధ స్థలం అంటే ఏమిటో బాగా తెలుసు. తెర లోపలికి ప్రధాన యాజకుడు ఒక్కడే, అదీ ఏడాదికి ఒక్క రోజే, రక్తం తీసుకుని వెళ్లాలి. మిగతావాళ్లు బయటే. తరతరాలుగా బయట నిలబడ్డవాళ్లతో 'రండి, లోపలికి పోదాం' అంటే కాళ్లు వణకవా? అందుకే ఆ మాట అక్కడ పడింది.

అయితే మూలంలో ఉన్న గ్రీకు మాట పర్రేసియా. 'అంతా' అనే మాట, 'పలకడం' అనే మాట కలిసి పుట్టింది. ఏథెన్సు పౌరుడు సభలో ఎవరికీ జంకకుండా మనసులో ఉన్నది మొత్తం చెప్పగలగడాన్ని అలా అనేవాళ్లు, బానిసకి అది లేదు. అంటే ఇది మొదట గుండెకి సంబంధించిన మాట కాదు, నోటికి సంబంధించింది, నిలబడే చోటుకి సంబంధించింది. మన పాత తెలుగు బైబిల్లో ఇదే మాట ఒక్కోచోట ఒక్కోలా వచ్చింది. యోహాను 18:20లో యేసు "నేను బాహాటముగా లోకము ఎదుట మాటలాడితిని" అంటాడు, 16:29లో శిష్యులు "స్పష్టముగా" అంటారు, 7:13లో "బహిరంగముగా". హెబ్రీలోకి, అపొస్తలుల కార్యాల్లోకి వచ్చేసరికి "ధైర్యము" అయింది. అనువాదకుల్ని తప్పు పట్టడం లేదు, ఒక్క తెలుగు మాటకి అంత బరువు మోయడం కష్టం. కానీ యేసు నీళ్లమీద నడుస్తూ వచ్చి శిష్యులతో "ధైర్యము తెచ్చుకొనుడి, నేనే, భయపడకుడి" అన్నచోట ఉన్న గ్రీకు మాట వేరు. అది నిజంగానే గుండె నిబ్బరం. తెలుగులో రెండూ ఒకటే అయిపోవడంతో 4:16 చదివినప్పుడు కూడా మనం గుండె గట్టి చేసుకుని వెళ్లాలేమో అనుకుంటున్నాం.

నన్నడిగితే 4:16కి దగ్గరి తెలుగు మాట 'చనువు'.

ఎందుకంటున్నానంటే, మా నాయనమ్మ. అక్షరం ముక్క రాదు. ఊళ్లో పెద్ద రైతు ఇంటికి కూలి డబ్బులకి వెళ్తే అరుగు కింద నిలబడేది, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, వాళ్లు అడిగితేనే మాట్లాడేది, అదీ సగం సగం. అదే మనిషి తెల్లవారుజామున మంచం మీద లేచి కూర్చుని, దీపం కూడా పెట్టకుండా, "నాయనా, రాత్రే చెప్పాను గదా, పిల్లోడికి జ్వరం తగ్గలా. మళ్లీ వచ్చాననుకోబాక, నీకు గాక ఎవరికి చెప్పుకోను" అనేది. పక్క మంచం మీద జ్వరంతో పడుకున్న ఆ పిల్లోణ్ణి నేనే. ఆ గొంతులో వణుకు లేదు, బతిమాలడం ఉంది గానీ బెదురు లేదు. సొంత ఇంట్లో నాన్నతో మాట్లాడినట్టే. దాన్ని ధైర్యం అంటే నాకు చాలదనిపిస్తుంది. బుధవారం స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పమంటే కూడా లేచి నిలబడి చెప్పేది. అరుగు కింద నోరు పెగలని మనిషికి ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

అపొస్తలుల కార్యములు 4:13 చదివినప్పుడు అర్థమైంది. "వారు పేతురు యోహానుల ధైర్యమును చూచినప్పుడు, వారు విద్యలేని పామరులని గ్రహించి ఆశ్చర్యపడి, వారు యేసుతోకూడ ఉండినవారని గుర్తెరిగిరి." ఇదీ పర్రేసియానే. యేసు శిష్యులైన ఈ గలిలయ చేపలవాళ్లు మహాసభ, అంటే యూదుల పెద్దల న్యాయసభ ముందు నిలబడి మాట్లాడుతున్నారు. వీళ్లకి అంత నోరు ఎలా వచ్చిందని చూస్తే సభవాళ్లకి కనిపించింది ఒక్కటే, వీళ్లు ఎవరితో తిరిగారో అది.

మా ప్రకాశం వైపు ఇది పుస్తకాల్లోని సంగతి కాదు. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. కరువు కూడు కోసమే వెళ్లారని తేలిగ్గా అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఒంగోలు మిషనరీ క్లౌ కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపి ఉంచాడు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వాళ్లకి పని ఇప్పించాడు. పని, సాయం అయిపోయాక కూడా వాళ్లు వచ్చారు. అరుగు కిందనుంచి మాట్లాడాల్సిన వాళ్లని ఒకరు దేవుడితో నేరుగా మాట్లాడొచ్చు అన్నారు. ఆ మాట విలువ ఎంతో మా నాయనమ్మని చూసినవాణ్ణి, నాకు తెలుసు.

కింద వ్యాఖ్యలో ఒక సోదరుడు "చనువంటే అలుసు కదండీ, చనువిస్తే నెత్తికెక్కారు అంటాం, దేవుడి దగ్గర ఆ మాటేంటి" అన్నారు. న్యాయమైన అభ్యంతరం. కానీ వచనంలో ఆసనం కూడా ఉందిగా. మూలంలో అది సింహాసనమే. చనువు ఉన్నంత మాత్రాన ఎదుట ఉన్నది సింహాసనం కాకుండా పోదు. పైగా పాత తెలుగులో 'చను' అంటే వెళ్లడం, తగడం కూడా. 'ఇట్లనం జనునే' అంటే ఇలా అనడం తగునా అని. వెళ్లడం, వెళ్లొచ్చు అనే అనుమతి, రెండూ ఒకే మాటలో ఉన్నాయి.

ధైర్యం సరే, మరి బైబిల్లో మనకి ఇచ్చానన్న 'అధికారం' సంగతేంటని అడిగిన అక్కకి కూడా ఇక్కడే చెప్పేస్తాను. యోహాను 1:12లో "దేవుని పిల్లలగుటకు ఆయన అధికారము అనుగ్రహించెను" అన్నచోట అధికారం అంటే మండలాఫీసు అధికారం కాదు, హక్కు. వాడుక భాషలో వచ్చిన కొత్త అనువాదాలు కొన్ని హక్కు అనే వేశాయి, నాకు అదే నచ్చింది. ఈమధ్య కొన్ని సభల్లో 'నీకు అధికారం ఉంది, గట్టిగా ఆజ్ఞాపించు' అని మైకు పగిలేలా చెప్తుంటే నాకు బాధగా ఉంటుంది. లూకా 10:19లో పాముల్ని తేళ్లని తొక్కే అధికారం ఇచ్చిన ఆయనే తర్వాతి వచనంలో దయ్యాలు లోబడ్డాయని సంతోషించకండి, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నాయని సంతోషించండి అన్నాడు. తన పనివాణ్ణి బాగుచేయమని యేసుని అడిగిన శతాధిపతి (వందమంది సైనికుల మీద అధికారి) కూడా తన కింద సైనికులున్నారని చెప్పేముందు "నేను కూడ అధికారమునకు లోబడినవాడను" అని మొదలుపెట్టాడు. గొంతు పెంచితే అధికారం రాదు, ఎవరింటి పిల్లలమో దాన్నిబట్టి వస్తుంది.

ఇప్పుడే ఇంకొకరు 'చొరవ' అన్నారు. ఇది నాకు తట్టనే లేదు! చొరు అంటే లోపలికి వెళ్లడం, ఎఫెసీ 3:12లో "ధైర్యమును నిర్భయమైన ప్రవేశమును" అన్నదానికి భలే కుదురుతుంది. చిక్కల్లా ఏంటంటే ఇవాళ చొరవ అనగానే 'కలెక్టర్ చొరవతో రోడ్డు' అనే పేపర్ వార్త గుర్తొస్తుంది. ఎఫెసీకి చొరవ, హెబ్రీకి చనువు అనుకుంటున్నాను ప్రస్తుతానికి. రాయలసీమ, తెలంగాణ మిత్రులు మీ ఇళ్లల్లో పెద్దాళ్లు ప్రార్థనలో దేవుణ్ణి ఏమని పిలుస్తారో, ఎలా మాట్లాడతారో ఉన్నది ఉన్నట్టు రాయండి. నాయనా, అయ్యా, దేవా, ఏదైనా సరే, వాళ్ల మాటలోనే.