మారిషస్‌లో శివరాత్రి, ఉగాది చూడాలంటే: తిండి, బస్సులు, గుడి మర్యాదలు

తీరం_వెంట: అమ్మానాన్నలతో మారిషస్ వెళ్లే ఆలోచన. బీచ్ ఫోటోల సంగతి మాకు అక్కర్లేదు, పండగలు చూడాలి. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు ఎప్పుడు వెళ్తే బాగుంటుంది? ఇక్కడినుంచి ఏం పట్టుకెళ్లకూడదు?

కోరంగి_రేవు: మీరనుకున్న నెలలే మంచివి. తైపూసం కావడి (తమిళుల మురుగన్ పండగ) జనవరి–ఫిబ్రవరిలో, మహాశివరాత్రి ఫిబ్రవరి–మార్చిలో, మార్చి 12న స్వాతంత్ర్య దినం, ఆ తర్వాత ఉగాది. కావడి, శివరాత్రి, ఉగాది మూడూ అక్కడ ప్రభుత్వ సెలవులే. ఒక్కటే ఎంచుకోవాలంటే శివరాత్రికే వెళ్లండి.

గంగా తలావ్ (అక్కడివాళ్లు గ్రాన్ బస్సాన్ అంటారు) అగ్నిపర్వత బిలంలో ఏర్పడ్డ సరస్సు. పండక్కి మూడు నాలుగు రోజుల ముందు నుంచే ద్వీపం నలుమూలల నుంచి జనం తెల్లబట్టలతో, కాఁవర్లు (శివుడి పేర కట్టి అలంకరించిన చట్రాలు) మోసుకుని నడిచొస్తారు. దారి పొడుగునా పందిళ్లు వేసి టీ, పళ్లు, వేడి భోజనం ఉచితంగా పెడతారు. డబ్బులివ్వబోతే తీసుకోరు. విస్తరి పారేయకుండా వాళ్లు చూపించిన సంచిలో వేస్తే చాలు.

జనం పొరబడేది రెండు చోట్ల. మొదటిది, అద్దెకారు వేసుకుని నేరుగా సరస్సు దాకా వెళ్లబోవడం. ఇరుకు రోడ్లు, పెద్ద పెద్ద కాఁవర్లు కరెంటు తీగలకు తగలకుండా వంచుతూ తీసుకెళ్తుంటారు, వెనక కార్లన్నీ గంటలకొద్దీ ఆగిపోతాయి. కారు దిగువ ఊళ్లోనే వదిలేసి పండగ ప్రత్యేక బస్సు పట్టుకోండి. రెండోది బట్టలు. తీరాన ఉక్కపోత ఉంటే పైన పొగమంచు, చినుకులు. పెద్దవాళ్లకి స్వెట్టరూ రెయిన్‌కోటూ తప్పనిసరి. గొడుగు ఆ గుంపులో పనికిరాదు. కోతులున్నాయి, ప్రసాదం చేతిలో పట్టుకుని నడవకండి.

పచ్చిమిర్చి_మాస్టారు: తిండి సంగతి నేను చెప్తా. శాకాహారికి అక్కడ ప్రాణం నిలబెట్టేది డోల్ పురి. మన బొబ్బట్టులో బెల్లం తీసేసి, పూర్ణాన్ని పొడిగా చేసి, పల్చగా వత్తితే ఎలా ఉంటుందో అది. జతగానే అమ్ముతారు, "ఎన్ పేర్" అని అడగాలి. మధ్యలో గ్రో ప్వా (పెద్ద చిక్కుడుగింజల కూర), టమాటా రుగాయ్ (టమాటా ఇగురు), కొత్తిమీర సాతినీ (పచ్చడి) వేసి, చుట్టి కాగితంలో ఇస్తారు. కారం ముద్ద మాత్రం విడిగా అడగండి, మన గుంటూరు నాలుకలకూ అది తక్కువేం కాదు. బండి దగ్గర మధ్యాహ్నం దాటితే అయిపోతుంది. పొద్దున పదకొండులోపు వెళ్లండి.

గాతో పిమా అంటే అచ్చం మన పప్పువడ, ఉల్లికాడ వేస్తారు. వెన్న రాసిన బన్నులో పెట్టుకు తింటారు.

ఇక జాగ్రత్తలు. వేయించిన నూడుల్స్‌లో కూరగాయలే కనిపించినా ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పలతో చేసేది) పడి ఉంటుంది. న్యూక్ యెన్ అనే సీమవంకాయ ఉండల్లో తరచూ ఎండురొయ్య కలుపుతారు. సమోసాలో చేప ఉండొచ్చు. "వెజిటేరియన్" అంటే చేప తింటారేమో అనుకునేవాళ్లూ ఉంటారు కాబట్టి క్రియోల్‌లో ఇలా చెప్పండి: "సాఁ లావ్యాన్, సాఁ ప్వాసోఁ, సాఁ దిజెఫ్" (మాంసం, చేప, గుడ్డు లేకుండా).

అట్లకాడ: మాస్టారూ, పూర్ణం పొడిగా ఎలా చేస్తారో చెప్పకుండా వదిలేశారు, ఇంటికొచ్చి చేసుకునేవాళ్లు అక్కడే చెడగొడతారు. పావుకిలో శనగపప్పుకి (అక్కడ ఎక్కువగా పసుపు బఠాణీ పప్పు) అరకిలో మైదా. పప్పు రాత్రి నానబెట్టి, పసుపు వేసి విడిగిన్నెలో ఉడికించండి. కుక్కర్ వద్దు, ముద్దైపోతుంది. వేళ్ల మధ్య నలిపితే చితకాలి కానీ గింజ ఆకారం పోకూడదు. వెంటనే చిల్లుల గిన్నెలో వార్చి, ఆ నీళ్లు దాచండి, పిండి తడిపేది వాటితోనే. పప్పు పూర్తిగా ఆరాక వేయించిన జీలకర్ర, ఉప్పు వేసి రవ్వలా పొడి చేయాలి. తడి మిగిలితే వత్తేటప్పుడు పురి చిల్లిపడి పప్పు బయటికొస్తుంది. పెనం మీద చుక్క నూనె రాసి, రెండు వైపులా రంగు మారకముందే తీసేయాలి. ఎర్రగా కాలిస్తే అప్పడమే.

తీరం_వెంట: బాగుంది. మరి ఉగాదికి వేపపువ్వు, మామిడికాయ పట్టుకెళ్దామనుకున్నాం...

కోరంగి_రేవు: వద్దండీ! మొక్కలు, పళ్లు, విత్తనాలు, పువ్వులకి అక్కడి వ్యవసాయ శాఖ అనుమతి ముందే ఉండాలి. లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. ఈ-సిగరెట్లూ నిషేధమే. నిద్రమాత్రల్లాంటివి వాడుతుంటే డాక్టరు చీటీతో పాటు, ఆ మందుకి ముందస్తు అనుమతి కావాలేమో కనుక్కోండి. భారతీయులకి పర్యాటక వీసా ముందే తీసుకోనక్కర్లేదు, కానీ రిటర్న్ టికెట్, బస వివరాలు చూపాలి, ఆన్‌లైన్ ప్రయాణ ఫారం నింపాలి.

ఉగాది పచ్చడి అక్కడి గుళ్లలోనే దొరుకుతుంది. తెలుగువాళ్ల గుళ్లు ఊరూరా ఉన్నాయి. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా సాగే రామభజనం, మన ఉత్తరాంధ్ర పల్లెల్లో తగ్గిపోయినవి అక్కడ ఇంకా నడుస్తున్నాయి. అందరూ తెలుగులో మాట్లాడతారనుకోకండి, ఇంట్లో క్రియోలే. భజన పాటలు మాత్రం తెలుగే. "నమస్కారం" అని పలకరించి కూర్చోండి, అరిటాకులో భోజనం పెట్టకుండా పంపరు.

రావాన్_మోత: సెగా (అక్కడి జానపద ఆటపాట) గురించి ఎవరూ ఎత్తలేదేం? హోటల్లో కీబోర్డుతో ఆడేది చూసి అదే సెగా అనుకోవద్దు. "సెగా తిపిక్" అని అడగండి, 2014లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది ఇదే. రావాన్ అనే మేకతోలు డప్పు, మారావాన్ (గింజలు నింపి ఊపే పెట్టె), ట్రయాంగిల్, అంతే. మొదలుపెట్టే ముందు డప్పుని మంట దగ్గర పట్టుకుని కాస్తారు, వేలితో మీటి చూస్తారు, మళ్లీ కాస్తారు. సముద్రపు చెమ్మకి తోలు వదులవుతుంది మరి. ఆట మధ్యలో ఆపి మంట దగ్గరికి పోతే విసుక్కోకండి. ఆడేవాళ్ల పాదాలు చూడండి: నేల విడవవు, జరుగుతూనే ఉంటాయి.

అట్లకాడ: కావడి చూసేవాళ్లకి ఒక మాట. శూలాలు గుచ్చుకునే చోట దగ్గరికెళ్లి ఫోన్ పెట్టకండి. పది రోజుల ఉపవాసంతో ఉన్నవాళ్లు. ఊరేగింపులో పక్కనుంచి తీయొచ్చు, ఎదురుగా అడ్డం పడొద్దు. చెప్పులు సంచిలో పెట్టుకోండి, గుడి బయట వదిలితే వెతుక్కోవడమే.

బస్సు_కండక్టర్: నాలుగు ముక్కలు. పల్లె బస్సులు చీకటి పడేసరికి ఆగిపోతాయి, సెలవురోజు ఇంకా తక్కువ. రాత్రి భజనకి వెళ్తే తిరుగు టాక్సీ ముందే, బేరం ఆడాకే మాట్లాడుకోండి. టికెట్ దిగేదాకా ఉంచుకోండి, ఇన్‌స్పెక్టర్ ఎక్కుతాడు. క్యూర్‌పిప్, రోజ్ హిల్, కాత్ర్ బోర్న్‌లలో గురువారం మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు. యూపీఐ 2024 ఫిబ్రవరిలో మొదలైంది కానీ డోల్ పురి బండి దగ్గర చిల్లరే.

మీరు చెప్పిన నెలలు తుపాను కాలం. హెచ్చరిక 3వ స్థాయికి వస్తే బస్సులు, దుకాణాలు బంద్, బయటికి రాకూడదు. 2వ స్థాయి ప్రకటించగానే రొట్టె, నీళ్లు, నగదు తెచ్చిపెట్టుకోండి, తిరుగు టికెట్‌కీ పండక్కీ మధ్య రెండు రోజులు ఖాళీ ఉంచండి.