బగ్ రిపోర్టుల్లో అసలు విషయం ఒక్కరూ రాయట్లేదు, మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

తోకచుక్క
పొద్దుటి నుంచి ఇదే పని, తల వేడెక్కిపోయింది, అందుకే ఇక్కడ పడ్డాను. నాదొక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది, ఖాళీ టైమ్‌లో నా అవసరానికి రాసుకున్నదే, కానీ అనుకున్నదానికంటే ఎక్కువ మందే వాడుతున్నారు. కొత్త రిలీజ్ వదిలినప్పటి నుంచి జనం బగ్ రిపోర్టులు పెట్టే ఇష్యూల పేజీ నిండిపోతోంది. అందరిదీ ఒకటే పాట: "పనిచేయట్లేదు", "అప్‌డేట్ చేశాక మొత్తం పోయింది", "అర్జెంట్, మా ప్రొడక్షన్ ఆగిపోయింది". నా దగ్గర చూస్తే ఒక్క టెస్టు కూడా ఫెయిల్ అవ్వట్లేదు. టెంప్లేట్ పెట్టాను, ఏమేం కావాలో చిలక్కి చెప్పినట్టు రాశాను, దాన్నంతా చెరిపేసి ఒక్క లైను రాసి వెళ్లిపోతున్నారు. ఒకాయన ఎర్రర్‌ను కాపీ చేసి పెట్టకుండా ఫోన్‌తో స్క్రీన్‌కి ఫోటో తీసి పెట్టాడు, సగం అక్షరాలు ట్యూబ్‌లైట్ మెరుపులో కలిసిపోయాయి. కింద మిగతావాళ్లు "నాకూ అంతే", "నాకూ".

ఇలాంటివన్నీ క్లోజ్ చేసి పారేస్తే తప్పా? స్టేల్ బాట్ పెడితే గొడవ వదులుతుందా?

సెమీకోలన్
ఏ లాంగ్వేజ్? ఏ ఎర్రర్? రిలీజ్‌లో ఏం మార్చారు?

పాతకోడు
స్టేల్ బాట్ అన్నారు కాబట్టి ముందు అది చెప్పాలి. దయచేసి పెట్టకండి. మన కోడ్, ఇష్యూలు పెట్టుకునే గిట్‌హబ్‌లో స్టేల్ యాక్షన్ అనే ఆ బాట్‌లో మనం ఏమీ మార్చకపోతే, 60 రోజులు కదలిక లేని ఇష్యూకి స్టేల్ లేబుల్ వేస్తుంది, ఆపైన 7 రోజులు చూసి మూసేస్తుంది. చూడ్డానికి పేజీ శుభ్రంగా ఉంటుంది, బగ్ మాత్రం ఎక్కడికీ పోదు. ఎవరో పాపం కోడుతో సహా పూర్తి వివరాలు రాసి ఉంటారు, మెయింటెయినర్‌కి, అంటే ప్రాజెక్ట్ చూసుకునేవాడికి, తీరిక దొరకదు, చివరికి బాట్ వచ్చి "మీ నుంచి స్పందన లేదు" అన్నట్టుగా మూసేస్తుంది. స్పందించాల్సింది ఎవరు అసలు? తర్వాత ఇంకొకడు అదే బగ్‌ని కొత్తగా తెరుస్తాడు, దానికి మళ్లీ "డూప్లికేట్" అని పాత లింకు ఇస్తారు, పాతది మూసి ఉంటుంది. ఇష్యూ మూతపడకుండా ఉండడానికి నెలకోసారి వచ్చి "ఇంకా ఉంది" అని రాసి పోయేవాళ్లను చూశాను నేను.

పెట్టి తీరాలంటే "వివరాలు కావాలి" అని మీరే చేత్తో లేబుల్ వేసినవాటికి మాత్రమే పనిచేసేలా పెట్టండి, ఆ సెట్టింగ్ అందులోనే ఉంది.

"నాకూ" కామెంట్ల సంగతి కొత్తదేం కాదు. 2016 జనవరిలో చాలామంది మెయింటెయినర్లు కలిసి గిట్‌హబ్‌కి బహిరంగ లేఖ రాశారు, "నాకూ" అనే ప్లస్ వన్ కామెంట్లతో చస్తున్నాం, రిపోర్టుల్లో వెర్షన్ కూడా రాయట్లేదు అని. ఆ తర్వాత రెండు నెలల్లోపే టెంప్లేట్లు వచ్చాయి, కామెంట్ రాయకుండా బొమ్మ నొక్కే రియాక్షన్లు వచ్చాయి. ఇన్నేళ్లకీ జనం ఆ బొటనవేలు బొమ్మ నొక్కకుండా "నాకూ" అనే రాస్తున్నారు, అది వేరే విషయం.

తోకచుక్క
@సెమీకోలన్ పైథాన్ అండి. సీఎస్‌వీ ఫైళ్లు (గడుల మధ్య కామాలుండే టేబుళ్లు) చదివి కాలమ్ పేర్లు, తేదీలు ఒక పద్ధతికి తెచ్చే లైబ్రరీ. ఎర్రర్ అంటే కీఎర్రర్, అంటే అడిగిన పేరు దొరకలేదు అని చెప్తున్నారు. రిలీజ్‌లో పెద్దగా ఏం మార్చలేదు, కోడ్ కొంచెం శుభ్రం చేశాను అంతే. అయినా నేను అడిగింది ఈ బగ్ గురించి కాదు, ఇలాంటి జనంతో ఎలా వేగాలి అని.

సెమీకోలన్
"పెద్దగా ఏం మార్చలేదు". మీ యూజర్లు కూడా ఇదే రాస్తున్నారు కదా.

డిఫ్ పెట్టండి, పాత కోడ్‌కీ కొత్తదానికీ తేడా.

నిద్రలేని_టెస్టర్
😂 సెమీకోలన్ గారి మాట కటువుగా ఉన్నా పాయింట్ ఉంది.

మీ ప్రశ్నకే వస్తా. టెంప్లేట్ ఎంత పొడుగుంది? చాలామంది అక్కడే దెబ్బతింటారు. పన్నెండు ప్రశ్నలు, నాలుగు చెక్‌బాక్సులు, "నేను డాక్యుమెంటేషన్ మొత్తం చదివాను" అని ప్రమాణం చేయించడం. అసలే పని ఆగిపోయి వచ్చినవాడు అదంతా ఎందుకు నింపుతాడు, సెలెక్ట్ ఆల్ కొట్టి డిలీట్ చేస్తాడు. మూడు చాలు: ఏం చేశారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది. మామూలు టెంప్లేట్ కాకుండా ఫారమ్ లాంటిది పెట్టుకోవచ్చు, యామల్ అనే సెట్టింగుల ఫైల్‌తో, అందులో తప్పనిసరి అని పెట్టిన గడి నింపకపోతే పబ్లిక్ రిపోలో (అందరికీ కనిపించే ప్రాజెక్ట్‌లో) సబ్మిట్ అవ్వదు. ఖాళీ ఇష్యూ తెరిచే దారి కూడా కాన్ఫిగ్ ఫైల్‌లో మూసేయొచ్చు. కానీ గడి తప్పనిసరి చేశారు కదా అని మురిసిపోకండి, చుక్క పెట్టి ముందుకెళ్లేవాళ్లు ఉంటారు.

వెర్షన్లు, ఓఎస్ లాంటివి మనుషుల్ని అడగడమే దండగ. పాండాస్ అనే పైథాన్ లైబ్రరీ వాళ్లు ఏం చేస్తారో చూడండి, షో వెర్షన్స్ అని ఒక ఫంక్షన్ ఇచ్చారు, అది రన్ చేసి వచ్చింది అతికించమంటారు. పైథాన్ వెర్షన్, ఓఎస్, లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్), పక్కన ఉన్న లైబ్రరీలు అన్నీ అందులో వచ్చేస్తాయి. మీరూ ఇరవై లైన్లలో అలాంటిది రాసుకోవచ్చు.

ఇంకొకటి. ఒక్క లైను రిపోర్ట్ వస్తే తిరిగి పెద్ద చిట్టా పంపకండి. ఒకే ఒక్క ప్రశ్న అడగండి, రెండు నిమిషాల్లో జవాబు చెప్పగలిగేది. ఐదు అడిగితే తేలిగ్గా ఉన్న రెంటికి చెప్పి మిగతావి వదిలేస్తారు, మీకు కావాల్సింది ఆ వదిలేసిన వాటిలోనే ఉంటుంది.

లాగ్‌చూడు
మధ్యలో దూరుతున్నా. సీఎస్‌వీ అంటున్నారు కాబట్టి, "మీ ఫైల్ పెట్టండి" అని మాత్రం పబ్లిక్‌గా అడగకండి ప్లీజ్. జనం నిజంగానే పెట్టేస్తారు, కస్టమర్ల పేర్లు ఫోన్ నంబర్లతో సహా. తర్వాత ఎడిట్ చేసి తీసేశాం అనుకుంటారు, కానీ కామెంట్ పైన "ఎడిటెడ్" అని ఉన్నచోట నొక్కితే పాత వెర్షన్ కనిపిస్తూనే ఉంటుంది. ఆ హిస్టరీలోకి వెళ్లి పాత రివిజన్‌ని విడిగా డిలీట్ చేయాలి. రాసినవాళ్లు చేయొచ్చు, రిపోలో రాసే హక్కు (రైట్ యాక్సెస్) ఉన్నవాళ్లూ చేయొచ్చు. అప్పటికే ఈమెయిల్ నోటిఫికేషన్లలో వెళ్లిపోయినదాన్ని మాత్రం ఎవరూ ఏం చేయలేరు. కాలమ్ పేర్లుండే హెడర్ లైను, దాని కింద రెండు దొంగ డేటా లైన్లు, అంత చాలు అని టెంప్లేట్‌లోనే రాయండి.

పాతకోడు
టెస్టర్ గారూ, ఒక్క ప్రశ్న సలహా బాగుంది. కానీ "ప్రొడక్షన్ ఆగిపోయింది" అన్న ప్రతివాడికీ క్రిటికల్ లేబుల్ వేసే రోగం ఒకటుంది, దాని గురించి కూడా చెప్పండి. వాళ్ల ప్రొడక్షన్ ఆగితే అది వాళ్ల ప్రయారిటీ, జీతం లేకుండా చేసేవాడి ప్రయారిటీ ఎలా అవుతుంది? పనిచేసే వెర్షన్‌కే పిన్ చేసుకోకుండా నేరుగా కొత్తది లాగింది ఎవరు?

నిద్రలేని_టెస్టర్
మీరు సెవెరిటీనీ ప్రయారిటీనీ కలిపేస్తున్నారు. దెబ్బ ఎంత పెద్దదన్నది సెవెరిటీ, అది రిపోర్ట్‌ని బట్టి తేలుతుంది. ఎప్పుడు ముట్టుకోవాలన్నది ప్రయారిటీ, అది మెయింటెయినర్ ఇష్టం. బగ్‌లు రాసుకునే బగ్‌జిల్లాలో ఈ రెంటికీ మొదటి నుంచీ వేరు వేరు గడులున్నాయి, ఊరికే పెట్టలేదు. పైగా ఇక్కడ నిన్నటి వెర్షన్‌లో పనిచేసింది ఇవాళ ఆగింది, అంటే రిగ్రెషన్. రిగ్రెషన్ ముందు చూడాలి, ఎందుకంటే ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోయినట్టే, రెండు రిలీజ్‌ల మధ్యే ఉంటుంది.

పాతకోడు
రిగ్రెషన్ అని ఎవరు తేల్చారు? ఆయన దగ్గర టెస్టులన్నీ పాస్ అవుతున్నాయి. పాత వెర్షన్ ఒక తప్పుని పొరపాటున భరిస్తూ వచ్చి ఉండొచ్చు, ఇప్పుడు భరించట్లేదు. దాన్ని రిగ్రెషన్ అనరు.

నిద్రలేని_టెస్టర్
యూజర్ వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే అండి. పనిచేసేది, ఆగింది.

పాతకోడు
యూజర్ వైపు నుంచే చూస్తే ప్రతిదీ బగ్గే. డాక్యుమెంటేషన్‌లో ఏం మాట ఇచ్చారన్నది చూడాలి.

సెమీకోలన్
రెండు రిలీజ్‌ల మధ్య వంద కమిట్లు (కోడ్ మార్పులు) ఉన్నా, సగం సగం చేసి తప్పు వెతికే గిట్ బైసెక్ట్‌తో ఏడు స్టెప్పులు. మీ వాదన కంటే తొందరగా అయిపోతుంది.

తోకచుక్క
బైసెక్ట్ చేయాలంటే ముందు నాకు ఫెయిల్ అవ్వాలి కదా, అదే అవ్వట్లేదు అంటున్నా. పైగా ఇది ఒక బగ్ కాదు. కీఎర్రర్‌లో ఒక్కొక్కరికి ఒక్కొక్క కాలమ్ పేరు వస్తోంది. ఒకరికి ఐడీ, ఒకరికి తేదీ, ఇంకొకరికి పేరు. ఒకావిడకైతే ఎర్రర్ లేదు, కాలమ్స్ అన్నీ ఒక గడి పక్కకి జరిగిపోయాయంట. ఏది ముందు చూడాలో తెలియకే ఇక్కడికి వచ్చాను.

బైట్‌పిచ్చి
ఒక్క నిమిషం. ఆ దొరకని కాలమ్ వాళ్ల ఫైల్లో ఎన్నోది? మొదటిదేనా?

తోకచుక్క
చూసి చెప్తా. హెడర్ పెట్టినవాళ్లు ముగ్గురే ఉన్నారు.

ముగ్గురికీ మొదటిదే.

బైట్‌పిచ్చి
అయితే అది బామ్, బైట్ ఆర్డర్ మార్క్. ఫైల్ మొదట్లో యు ప్లస్ ఎఫ్‌ఈఎఫ్‌ఎఫ్ అని కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు: ఈఎఫ్, బీబీ, బీఎఫ్. ఎక్సెల్‌లో "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని సేవ్ చేస్తే అది పెట్టేస్తుంది. పైథాన్‌లో యూటీఎఫ్-8 అని చెప్పి ఫైల్ తెరిస్తే ఆ అక్షరం తీసేయకుండా మొదటి కాలమ్ పేరుకి అతికించి ఇస్తుంది. ప్రింట్ చేస్తే మామూలుగా "ఐడీ" అనే కనిపిస్తుంది, కానీ రెండక్షరాల పేరుకి లెన్ (పొడవు) అడిగితే 3 అంటుంది. కనిపించనివి కూడా చూపించే రెప్ర్‌తో ప్రింట్ చేస్తే బయటపడుతుంది. అందుకే మీ యూజర్లకి పిచ్చెక్కి ఉంటుంది, కాలమ్ కళ్లెదురుగా కనిపిస్తుంటే మీ లైబ్రరీ లేదంటోంది.

కాలమ్స్ జరిగినావిడది కూడా ఇదే అయి ఉండాలి. ఆమె మొదటి హెడర్ కోట్స్‌లో ఉండి, లోపల కామా ఉందేమో అడగండి. కోట్‌కి ముందు ఈ అక్షరం వచ్చి కూర్చుంటే సీఎస్‌వీ మాడ్యూల్ దాన్ని తెరిచే కోట్‌గా చూడదు, మామూలు అక్షరమనుకుంటుంది, దాంతో లోపలి కామా దగ్గర హెడర్ రెండు ముక్కలవుతుంది.

ఫైల్ తెరిచేచోట ఎన్‌కోడింగ్ ఏమిచ్చారు?

తోకచుక్క
యూటీఎఫ్-8.

ఇంతకుముందు యూటీఎఫ్-8-సిగ్ అని ఉండేది. శుభ్రం చేసేటప్పుడు మార్చాను, మిగతా అన్నిచోట్లా యూటీఎఫ్-8 ఉంది కదా అని. నా టెస్ట్ ఫైళ్లన్నీ ఎడిటర్‌లో రాసినవి, వాటికి బామ్ లేదు.

సెమీకోలన్
డిఫ్ పెట్టండి అన్నది అందుకే.

బైట్‌పిచ్చి
సిగ్ అనేది బామ్ ఉంటే తీసేస్తుంది, లేకపోయినా ఇబ్బంది పెట్టదు, చదవడానికి అది పెట్టుకుంటే చాలు. రాసేచోట మాత్రం ఆలోచించండి, అక్కడ అదే బామ్ పెడుతుంది. మూడు బైట్లతో మొదలయ్యే ఒక ఫైల్‌ని టెస్టుల్లో వేసేయండి, బైట్స్‌గానే రాయండి, ఎడిటర్‌ని నమ్మొద్దు, సేవ్ చేసేటప్పుడు దాని ఇష్టం దానిది.

నిద్రలేని_టెస్టర్
నేను అడగాల్సింది, తట్టలేదు. విడివిడిగా ఒక్క రిపోర్ట్‌లోనూ సరుకు లేదు, ఒకటి ఐడీ అంటుంది, ఒకటి తేదీ అంటుంది. మూడు హెడర్లు పక్కపక్కన పెట్టి చూస్తే గానీ మొదటి కాలమ్ అన్నది కనిపించలేదు. అందుకే డూప్లికేట్ అని మూసేటప్పుడు అందులో ఉన్న కొత్త ముక్కని అసలు ఇష్యూలోకి కాపీ చేయమంటాను నేను. మా టీమ్‌లో ఎవరూ వినరు.

తోకచుక్క గారూ, ఎవరైనా ఎక్సెల్ పేరెత్తారా ఆ రిపోర్టుల్లో?

తోకచుక్క
ఒకాయన ఎత్తాడు. "మీ లైబ్రరీకి ఎక్సెల్ అంటే పడదు, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే తీసుకుంటుంది, కావాలనే ఇలా చేశారు" అని తిట్టాడు. తిట్టు కదా అని "ఇన్‌వాలిడ్" లేబుల్ వేసి మూశాను.

నిద్రలేని_టెస్టర్
అదే మీ బెస్ట్ రిపోర్ట్. కారణం వాడి ఊహ, దాన్ని వదిలేయండి. కానీ ఎక్సెల్‌లో పోతోంది, నోట్‌ప్యాడ్‌లో పోవట్లేదు అన్నది వాడు కళ్లతో చూసింది. విండోస్ 10లో 2019 అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగా బామ్ లేకుండానే సేవ్ చేస్తుంది, అందుకే తేడా వచ్చింది. రిపోర్ట్ చదివేటప్పుడు నేను చూసినదాన్నీ అనుకున్నదాన్నీ విడగొడతాను, తిట్లుంటే అవి మూడో కుప్ప.

పాతకోడు
తిట్టినవాడి ఇష్యూ మూయడంలో తప్పేం లేదు. ప్రవర్తనా నియమావళి అన్నది ఎందుకు పెట్టుకుంటాం? సమాచారం ఉంది కదా అని బూతులు భరించాలా?

నిద్రలేని_టెస్టర్
బూతులెక్కడున్నాయండి అందులో, "కావాలనే చేశారు" అన్నాడు అంతే. మరీ మితిమీరితే లాక్ చేయండి, కామెంట్ దాచండి, ఇన్‌వాలిడ్ అనకండి. తర్వాత వెతుక్కునేవాడు ఆ లేబుల్ చూసి లోపలికే వెళ్లడు.

పాతకోడు
2022 నుంచి గిట్‌హబ్‌లో మూసేటప్పుడు "నాట్ ప్లాన్డ్" అని కారణం ఎంచుకోవచ్చు, ఇలాంటివాటికి అది సరిపోతుంది కదా.

నిద్రలేని_టెస్టర్
ఇప్పుడు ఫిక్స్ చేస్తున్న బగ్‌కి నాట్ ప్లాన్డ్ అంటారా?

లాగ్‌చూడు
నేను చెప్పిన ఎడిట్ హిస్టరీ సంగతి ఎవరైనా చూసుకున్నారా? హెడర్ పెట్టిన ఆ ముగ్గురిలో ఎవరైనా డేటా కూడా పెట్టి ఉంటే ఇప్పుడే తీయించండి.

తోకచుక్క
ఫిక్స్ రిలీజ్ చేశాను. మొదటి కాలమ్ వాళ్లందరికీ పనిచేస్తోందట. కాలమ్స్ జరిగినావిడ ఇంకా జవాబివ్వలేదు. బైట్‌పిచ్చి గారికి థాంక్స్, మిగతావాళ్లకీ. టెంప్లేట్ తర్వాత చూస్తా, ఇవాళ ఓపిక లేదు.

సెమీకోలన్
మూసిన ఇష్యూ తెరిచి ఆయనకి చెప్పండి. ఏం మారిందో రాసే చేంజ్‌లాగ్‌లో కూడా రాయండి, "కోడ్ శుభ్రం చేశాం" అని కాకుండా.