రిసెప్షన్‌కి మద్రాసు స్టూడియో బేస్ ప్లేయర్ వస్తున్నారు. ఆయన వాయించిన పాట ఆయన ముందే వాయించొచ్చా?

నాలుగు_తీగలు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. నేను పగలు రొయ్యల మేత అమ్ముతాను, ముహూర్తాల సీజన్‌లో రాత్రిళ్లు బేస్ గిటార్ (పాట కింద మందరస్వరాలు మోగించేది) వాయిస్తాను. పెళ్లి రిసెప్షన్లు, చవితి పందిళ్లు, సెప్టెంబరు 25న బాలుగారి వర్ధంతి ప్రోగ్రాం, ఇవే మా ఆర్కెస్ట్రాకు పని.

వచ్చే వారం మాగుంట లేఅవుట్ దగ్గర ఒక మండపంలో రిసెప్షన్ ఉంది. అడ్వాన్స్ ఇస్తూ పెళ్లికూతురి నాన్నగారు మాటల్లో, "మా అన్న కూడా వస్తున్నాడబ్బా, మద్రాసులో గిటారు వాయించేవాడు" అన్నారు. పేరు అడిగాను. చెప్పగానే నాకు నోట మాట రాలేదు. 80ల్లో కోడంబాకం చుట్టూ ఉన్న స్టూడియోల్లో బేస్ వాయించిన మనిషి! పేరు ఇక్కడ రాయను. ఇంటి శుభకార్యానికి వస్తున్నారు, ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని మీద పడితే బాగుండదు. పాట పేరు కూడా చెప్పను, చెబితే ఆయన ఎవరో మీలో సగం మంది కనిపెట్టేస్తారు.

క్యాసెట్ అట్ట మీద పాడినవాళ్ల పేర్లుంటాయి, రాసినాయన పేరుంటుంది, సంగీత దర్శకుడి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. బేస్ ఎవరిదో ఎక్కడా ఉండదు. మా మేనమామ టేప్‌రికార్డర్‌లో ఆ డ్యూయెట్ వినే రోజుల్లో దాన్ని బేస్ గిటార్ అంటారని కూడా నాకు తెలీదు. రెండో చరణం ముందు తబలా ఆగి, కిందనుంచి ఏదో ఒక్కటే మెట్లు దిగినట్టు దిగుతుంది. ఆ చోటు కోసమే క్యాసెట్ వెనక్కి తిప్పేవాణ్ణి. చానా ఏళ్ల తర్వాత మద్రాసులో ఒక వయొలిన్ ఆయన, అది ఫలానా వారు వాయించారని చెప్పారు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. ఆ పాట రికార్డులో ఈ (E) మైనర్ శ్రుతిలో ఉంది. ఆ దిగే లైను చివరికి నాలుగో తీగ ఖాళీగా మోగే E స్వరం దగ్గర ఆగుతుంది. మా సింగర్ ఒక టోన్ దించి డి మైనర్‌లో పాడతాడు. నా గిటార్‌కు ఉన్నవి నాలుగే తీగలు, ఆ E కన్నా కింద స్వరం లేదు. అందుకని చివరి స్వరం పై స్థాయిలో వేస్తాను. పెళ్లికి వచ్చినవాళ్లు ఎవరూ పట్టుకోరు. ఆయన పట్టుకుంటారు. నాలుగో తీగను డి దాకా వదులు చేసుకోనా? లేక ఆ పాటే లిస్టులోంచి తీసేయనా? ఆయన్ను కలిస్తే ఏం మాట్లాడాలి? ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు_బేస్

తమ్ముడూ, పాట తీసేయొద్దు. ఎప్పుడూ వాయించే చోటే వాయించు. కాకపోతే మీ యాంకర్‌కి ముందే చెప్పిపెట్టు: "మన మధ్య ఒక మహానుభావుడు ఉన్నారు" అని మైకులో మొదలుపెట్టాడంటే ఆయన లేచి కారెక్కుతారు. స్టూడియో మనుషులు ఎక్కువ మంది అట్టాగే ఉంటారు. అద్దం వెనక చీకట్లో బతికినవాళ్లు, లైటు మీద పడితే వాళ్లకు నచ్చదు.

తీగ వదులు చేయొద్దు. నాలుగో తీగ డి చేస్తే ఆ తీగ మీద స్వరాలన్నీ రెండు ఫ్రెట్లు (మెడ మీది అడ్డకడ్డీలు) జరుగుతాయి. మూడో ఫ్రెట్‌లో ఉండాల్సిన జి అయిదో ఫ్రెట్‌కి పోతుంది. ఒక పాటకంటే సరే. నువ్వు మూడు గంటలు వాయించాలి, మధ్యలో మళ్లీ బిగించే తీరిక ఇవ్వరు. పైగా తీగ వదులైతే ఫ్రెట్లకు కొట్టుకుని జరజరమంటుంది. అయిదు తీగల గిటార్ ఎవరి దగ్గరన్నా ఉంటే అడుగు. దొరక్కపోతే పై స్థాయిలోనే వేయి, అందులో నామోషీ ఏం లేదు.

మాటల సంగతి. నేను ఒంగోలులో చర్చి కోయర్‌లో మొదలుపెట్టినవాణ్ణి. కుర్రతనంలో మద్రాసు పోయి ఇట్టాంటి ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. గుమ్మంలో నిలబడి పొగిడాను. ఆయన విని, "భోంచేశావా?" అని అడిగారు. అంతే. ఇక మాటల్లేవు. లేచేముందు ఊరికే, "మీరు ఏ తీగలు వాడేవాళ్లు సార్?" అన్నాను. సాయంత్రం దాకా మాట్లాడారు!

ఎందుకంటే మనకు పాట జ్ఞాపకం, వాళ్లకు పని జ్ఞాపకం. ఇళయరాజా గారైతే బేస్‌తో సహా స్టాఫ్ నొటేషన్‌లో (పాశ్చాత్య స్వరలిపిలో) రాసి ఇచ్చేస్తారు. వీళ్లు వచ్చి, తమ భాగం చూసి, రిహార్సల్ వాయించి, టేక్ ఇచ్చి, ఇంకో స్టూడియోకి పరిగెత్తేవాళ్లు. పొద్దున తమిళం, మధ్యాహ్నం తెలుగు. అది ఏ సినిమాలో వచ్చిందో కొన్నిసార్లు రిలీజయ్యాక కూడా తెలిసేది కాదు. కాబట్టి "ఆ పాటలో ఆ చోట మీరు..." అని మొదలుపెట్టి, ఆయన మొహం చూసి నువ్వు బాధపడొద్దు. చెయ్యి గురించి అడుగు. ఏ డ్రమ్మర్ పక్కన కూర్చుంటే సుఖంగా ఉండేదో అడుగు.

ఇంకోటి, ఆయన వస్తున్నారని కొత్త తీగలు వేసేవు సుమా. కొత్త తీగ సాగి శ్రుతి జారుతుంది, టింగుమని మోగుతుంది. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్, తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. వాయించేది కూడా కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే. ఆయన పేరు కూడా 1971 దాకా మోటౌన్ ఆల్బమ్ అట్ట మీదకు ఎక్కలేదు. నీ క్యాసెట్ బాధ ఒక్క మద్రాసుదే కాదు.

మండపం_సౌండ్

బేస్ గురించి నాకు తెలీదు, మండపాల గురించి తెలుసు. సబ్ బాక్సులు (కింది మోతకు పెట్టే పెద్ద స్పీకర్లు) స్టేజి ముందు నేల మీద పెడతారు, చుట్టాల్లో పెద్దవాళ్లను తెచ్చి ముందు వరుస సోఫాల్లో కూర్చోబెడతారు. ఆయనకు నీ స్వరం వినపడదు, గుండెల్లో దబదబ వినపడుతుంది. ఖాళీ E తీగ అంటే సుమారు 41 హెర్ట్జ్. అంత కింద ఉన్నదాన్ని రేకుల కప్పు, గ్రానైట్ నేల కలిసి ముద్ద చేస్తాయి. నీ మిక్సర్ అబ్బాయికి చెప్పి బేస్ చానల్‌లో బాగా కింద భాగం తగ్గించి, 700, 800 దగ్గర కొంచెం లేపించు. స్వరం స్వరంగా తెలుస్తుంది. డ్రమ్స్‌లో కాలితో కొట్టే కిక్, నీ బేస్ రెండూ ఒకే చోట గుద్దుకోకుండా చూసుకో.

పాత_కీబోర్డు

నన్నడిగితే కలవకపోవడమే మేలు. దూరం నుంచి విన్న మనిషి దూరంగానే బాగుంటాడు. నేను ఒకాయన్ను కలిశాను. గంటసేపు తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పాడు. ఇంటికొచ్చి ఆ పాట పెడితే మోకాళ్లే గుర్తొచ్చాయి.

నాలుగు_తీగలు

కీబోర్డు అన్నా, మీరు ఎడమచేత్తో బేస్ వాయించేసి మా పొట్ట కొట్టినవాళ్లు, మీ సలహా ఎట్టా నమ్మేది :) అయినా మోకాళ్ల గురించి చెప్పినా వింటాను.

సౌండ్ అన్నా, 700 సంగతి రాసిపెట్టుకున్నాను. ఒంగోలు అన్నా, అయిదు తీగలది ఇక్కడ ఒకరి దగ్గర ఉంది. ఆ రోజు ఆయనకూ గూడూరులో ప్రోగ్రాం ఉందంట.

కావలి_గళం

అన్నా, మీరందరూ తీగల గురించే మాట్లాడుతున్నారు, ఆ డ్యూయెట్‌లో ఆడగొంతు గురించి ఎవరికీ పట్టలేదు. నేను పదేళ్ల నుంచి ఆర్కెస్ట్రాల్లో పాడుతున్నాను. మగ సింగర్‌కి పైస్వరాలు అందవని పాటను ఒక టోన్ దించేస్తారు. అప్పుడు నాకు చరణం మొదట్లో కిందిస్వరాలు అందవు, గాలి మాత్రమే వస్తుంది. "ఫీల్‌తో పాడమ్మా" అంటారు. స్వరమే లేనిచోట ఫీల్ ఎక్కడిది?

మీ ప్రోగ్రాంలో ఫిమేల్ సింగర్ ఎవరో ఆమెను అడగండి. నూటికి తొంభై పాళ్లు ఆమె కూడా రికార్డు శ్రుతే కావాలంటుంది. మీరిద్దరూ ఒకటైతే ఆయన ఒప్పుకోక చస్తాడా. పాటను భోజనాల తర్వాత కాకుండా మూడోదో నాలుగోదో పెట్టండి, అప్పటికి గొంతు వేడెక్కి ఉంటుంది, ఇంకా అలిసిపోయి ఉండదు. మీకు మీ ఖాళీ తీగ దొరుకుతుంది, ఆమెకు ఆమె చరణం దొరుకుతుంది.

ఒంగోలు_బేస్

ఇది నాకెందుకు తట్టలేదో. చెల్లెమ్మ చెప్పినట్టు చేయి తమ్ముడూ.

నాలుగు_తీగలు

రిసెప్షన్ అయిపోయింది. వివరంగా రాయమని ఒకరిద్దరు మెసేజ్ పెట్టారు, అందుకని రాస్తున్నాను.

కావలి అక్క చెప్పింది నిజం. మా ఫిమేల్ సింగర్‌ని అడగ్గానే, "ఇన్నాళ్లకు ఒకడు అడిగాడు" అంది. మగ సింగర్ ముందు ససేమిరా అన్నాడు. ఆమె, "అయితే ఆ పాటలో నా చరణం కూడా నువ్వే పాడుకో" అని ఫోన్ పెట్టేసింది. మర్నాటికి దారికొచ్చాడు. నాలుగో పాటగా, రికార్డులో ఉన్న E మైనర్‌లోనే పెట్టుకున్నాం.

తీరా ఆ పాట ఎత్తుకునే సరికి ఆయన ముందు వరుసలో లేరు! పెళ్లివారు బలవంతాన భోజనాల హాల్లోకి తీసుకుపోయారు. నేను స్టేజి మీంచి చూస్తూనే ఉన్నాను, సోఫా ఖాళీ. రెండో చరణం దగ్గర చేతులు తుడుచుకుంటూ తలుపు దగ్గర కనపడ్డారు. ఆ లైను విన్నారో లేదో కూడా నాకు తెలీలేదు. సగం విని ఉంటారు.

నలుగుపిండి రంగు చొక్కా, కళ్లజోడు, సన్నటి మనిషి. బ్రేక్‌లో ఆయనే స్టేజి వెనక్కి వచ్చారు. నేను కాళ్లకు దండం పెట్టబోతే ఆపి, "అది ఇట్లా ఇవ్వు" అని గిటార్ తీసుకున్నారు. వాయించలేదు. పక్కకు పెట్టి, ఒక కన్ను మూసి గిటార్ మెడ వారగా చూశారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ కింద వేలు దూర్చి, "ఇంత ఎత్తా? ఎడమచెయ్యి నొప్పి పుట్టడం లేదా?" అన్నారు. పుడుతోంది సార్ అన్నాను. మెడ ముందుకు వంగిందట. "లోపల ఇనపకడ్డీ ఉంటుంది, తెలిసినవాడి చేత పావు చుట్టు తిప్పించు, ఒక రోజు వదిలేసి మళ్లీ చూడు. ఒకేసారి తిప్పనీయకు. సముద్రం దగ్గర ఊళ్లలో చెక్క ఊరికే ఉండదు" అన్నారు. నేను ఇన్నాళ్లూ ఆ నొప్పిని నా చేతకానితనం అనుకుంటున్నాను.

ఒంగోలు అన్న వద్దన్నా పాట గురించి అడక్కుండా ఉండలేకపోయాను. ఆయన లైను సన్నగా కూనిరాగం తీశారు, ఎడమచేతి వేళ్లు గాల్లోనే ఫ్రెట్లు పట్టుకున్నాయి. తర్వాత, "నేనేనా? అప్పట్లో ఆ స్టూడియోకి ఇద్దరం వెళ్లేవాళ్లం. ఆ రోజు అతనేమో" అన్నారు. అతని పేరు చెప్పారు, చనిపోయి చాలా కాలమైందట. ఆ పేరు నేను ఎప్పుడూ వినలేదు. వయొలిన్ ఆయన చెప్పింది రైటో, ఈయన మరుపు రైటో నాకు తేలలేదు. నాకైతే ఇప్పుడు ఇద్దరూ కావాలి.

తర్వాత ఆయన చెప్పింది మీకందరికీ పనికొస్తుంది. "ఆ ఖాళీ తీగను మోగించి వదిలేస్తున్నావు. పైన పాడేవాళ్లు వచ్చాక కూడా అది కింద హూ అంటూనే ఉంది. మేము బ్రిడ్జి దగ్గర, అదే తీగలు కింద ఆనే చోట, తీగల కింద స్పాంజి ముక్క దూర్చేవాళ్లం." అంటే నేను ఇన్నేళ్లూ పాత తీగలతో, టోన్ నాబ్ మూసి, ఆంప్ మార్చి వెతికిన ఆ గుబ్బుమనే మోత ఒక స్పాంజి ముక్కలో ఉంది. ఎవరు వాయించినా, ఇద్దరూ స్పాంజి పెట్టేవాళ్లంట.

రేటు ఎంత ఇస్తారని అడిగారు. చెప్పాను. "మాకు కాల్షీట్‌కి ఇచ్చేవాళ్లు, అర్ధరాత్రి దాకా నిలబెట్టేవాళ్లు కాదు. స్టూల్ అడుగు, కూర్చుని వాయించు" అన్నారు. ఇంతలో ఎవరో ఫొటోకి పిలిచారు, వెళ్లిపోయారు. సెల్ఫీ నేను అడగలేదు, మా డ్రమ్మర్ అడిగి తీసుకున్నాడు.

ఒంగోలు_బేస్

స్పాంజి ఎంత మందం పెట్టావు? నా గిటార్‌కి పెడితే నాలుగో తీగ అసలు పలకడం లేదు, కట్టె మీద కొట్టినట్టుంది.

నాలుగు_తీగలు

అంట్లు తోమే స్పాంజి అన్నా, కొత్తది, గరుకు పొర తీసేసి. తీగలకు ఊరికే తగలాలి, పైకి ఎత్తకూడదు. బ్రిడ్జికి ఆనించి పెట్టండి, ముందుకు జరిగేకొద్దీ స్వరం చచ్చిపోతుంది. పాత పాటలకు దివ్యంగా ఉంది. కొత్త పాటల్లో స్వరం నిలబడాల్సిన చోట పనికిరాదు, అప్పుడు పీకేయాలి. పాటకూ పాటకూ మధ్య నేను స్పాంజి దూర్చడం, పీకడం చూసి మావాళ్లు నవ్వుతున్నారు.

మెడ సంగతి ఈ వారం చూపిస్తాను. ఒంగోలులో ఆ పని తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి అన్నా, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేస్తాను.